సియెనాలో 380 యూరోల నాటకం, 55 యూరోల విందు

ఇటలీలోని సియెనా వెళ్లేవాళ్లకు ముందుగా ఒక్క మాట. "స్థానిక కుటుంబంతో ఇంటి భోజనం" అని ఆన్‌లైన్‌లో అమ్మే ప్యాకేజీల జోలికి పోకండి. ఒక ఏజెంటు మాకు అలాంటిదే మనిషికి 95 యూరోలకు అమ్మాడు. మా వారు, పదమూడేళ్ల మా అబ్బాయి, మా అత్తగారు, నేను, వెరసి 380 యూరోలు.

తీసుకెళ్లింది ఊరి గోడ బయట ఉన్న ఒక హాలుకి. అది ఇల్లూ కాదు, అక్కడ ఏ కుటుంబమూ లేదు. దాదాపు నలభై మందిమి బల్లల ముందు నిలబడితే, ఏప్రాన్ కట్టుకున్న ఒక ఉద్యోగిని ముందే కలిపి పెట్టిన పిండి ముద్దలు పంచింది. పీచి అనే లావుపాటి పాస్తాని ఇక్కడ చేత్తో పాముతారు. మేం పామినవన్నీ లోపలికి వెళ్లాయి, పళ్లేల్లోకి మాత్రం సన్నగా, సమానంగా మెషీన్లో చేసినవి వచ్చాయి. అత్తయ్య శాకాహారి అని బుకింగ్‌లో రాశాం, అక్కడికెళ్లాక మళ్లీ చెప్పాం. అయినా ఆవిడ పళ్లెంలో పంది మాంసం సాస్ వేసి తెచ్చారు. మార్చమంటే నాలుగు సలాడ్ ఆకులు పెట్టి వెళ్లిపోయారు. అత్తయ్య ఎవరినీ ఒక్క మాట అనలేదు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నారు, సియెనా ఉన్న టస్కనీ ప్రాంతంలో రొట్టెలో ఉప్పుండదు, అదీ పక్కన పెట్టేశారు. ఆవిడ ఖాళీ కడుపుతో కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. రీఫండ్ అడిగితే తర్వాతి బుకింగ్‌కి 20 శాతం కూపన్ పంపారు. మా వారు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు.

మిగతావన్నీ సాఫీగానే జరిగాయి. ఫ్లోరెన్స్ నుంచి బస్సులో గంటా పావు ప్రయాణం. గది రాత్రికి 190 యూరోలు, పాలియో అనే గుర్రప్పందెం రోజులు కాబట్టి ఆ ధర, శుభ్రంగా ఉంది. కేథడ్రల్, టౌన్ హాల్లో లోరెంజెట్టి అనే చిత్రకారుడు 1338-39లో వేసిన కుడ్యచిత్రాలు చూశాం.

ఇక అసలు సంగతి. ఈ ఊళ్లో 17 పేటలున్నాయి. వీటిని కొంత్రాదాలు అంటారు. వాటి హద్దులు 1729లో వయొలాంటె అనే బవేరియా రాకుమారి ఖరారు చేసింది. ప్రతి పేటకీ సొంత చర్చి, మ్యూజియం, జెండా ఉంటాయి, చాలా పేటలకి ఒక శత్రువు పేట కూడా ఉంటుంది. ఏటా జులై 2న, ఆగస్టు 16న ఊరి ప్రధాన కూడలి పియాజ్జా దెల్ కాంపోలో గుర్రప్పందెం జరుగుతుంది, అదే పాలియో. ఒకసారికి పది పేటలే పరిగెత్తుతాయి. జీను లేని గుర్రం మీద మూడు చుట్లు, నిమిషన్నర లోపే అయిపోతుంది. రౌతు పడిపోయినా గుర్రం ముందొస్తే గెలిచినట్టే.

పందెం ముందు రాత్రి, పరిగెత్తే ప్రతి పేటా వీధిలో బల్లలు వేసి విందు చేసుకుంటుంది. సభ్యులకు పోగా సీట్లుంటే బయటివాళ్లకూ ఇస్తారు. మా వారు మే నెలలోనే ఓండా పేటకు మెయిల్ రాసి నాలుగు సీట్లు తీసుకున్నారు, మనిషికి 55 యూరోలు. శాకాహారి సంగతి అందులోనే చెప్పాం.

ఆ సాయంత్రం కాంపోలో ట్రయల్ పందెం చూశాం. మధ్యలో నిలబడితే టికెట్ లేదు. పేటల పిల్లలు స్టాండ్లలో కూర్చుని గొంతు చించుకుని పాడుతుంటే మావాడు చూపు తిప్పలేదు. తర్వాత విందుకి వెళ్లాం. వీధి మొదట్లో ఒక అమ్మాయి మావాడి మెడలోని రుమాలు చూసి, నవ్వుతూనే, మడిచి బ్యాగులో పెట్టుకోమంది. ఏనుగు బొమ్మ నచ్చిందని వాడు సావనీర్ షాపులో కొనుక్కున్నాడు. అది తోర్రే పేట గుర్తు, ఓండా వాళ్లకి తోర్రే అంటే పడదు. షాపుల్లో అమ్మే రుమాళ్లు మెడకి కట్టుకుని పేటల్లో తిరగకండి. వాళ్లకి అది పుట్టుకతోనో జ్ఞానస్నానంతోనో వచ్చే గుర్తు.

వీధి పొడవునా వందల మంది, తాతల నుంచి చంకలో పిల్లల దాకా, శ్రీరామనవమి పందిట్లో ఊరంతా బంతికి కూర్చున్నట్టు కూర్చున్నారు. వడ్డించేది ఆ పేట కుర్రాళ్లే. ఒక అబ్బాయి జాబితా చూసుకుంటూ వచ్చి నేరుగా అత్తయ్య ముందు ఆగాడు. వెల్లుల్లి, టమాటా సాస్‌తో పీచి, ఆలివ్ నూనె వేసిన తెల్ల చిక్కుడు గింజలు, కాల్చిన వంకాయ, చివర్లో రిచ్చారెల్లి అనే బాదం బిస్కెట్లు పెట్టాడు. అత్తయ్య పీచి రెండోసారి అడిగి వేయించుకున్నారు. పక్కనున్న పెద్దావిడ ఉప్పు లేని రొట్టె మీద నూనె పోసి, ఉప్పు చల్లి చూపిస్తే అదీ తిన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ మనవడి ఫోటోలు చూపించింది, ఈవిడ మా అబ్బాయిని చూపించారు, అలా గంట గడిచింది. పేట కెప్టెన్ మాట్లాడుతుంటే వీధంతా నిశ్శబ్దం, ముగించగానే జనమంతా లేచి పాట. మా వారు కూడా లేచి నిలబడ్డారు, ముందురోజు కోపం ఆ ముఖంలో ఎక్కడా లేదు.

పందెం రోజు మధ్యాహ్నం గుర్రాన్ని పేట చర్చిలోకి తీసుకెళ్లి, గెలిచి తిరిగి రమ్మని దీవిస్తారు. మేం బయట నిలబడ్డాం. గుర్రం బెదురుతుంది కాబట్టి అక్కడ ఫ్లాష్ వాడకండి. పందెం మాత్రం మా వారూ అబ్బాయీ వెళ్లారు, అత్తయ్యా నేనూ పేటలోని టీవీలో చూశాం. ఓండా ఓడిపోయింది. ముందురోజు రొట్టె తినిపించిన పెద్దావిడ వెక్కి వెక్కి ఏడుస్తుంటే అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

పెద్దవాళ్లున్నవాళ్లు పందెం రోజు కాంపో మధ్యలోకి వెళ్లకపోవడమే మంచిది. ఎండలో గంటలు నిలబడాలి, టాయిలెట్లు లేవు, లోపలికెళ్తే బయటికి రావడం కష్టం. వాళ్లకి ముందురోజుల ట్రయల్ చాలు. బాల్కనీ సీట్లకి వందల యూరోలు అడుగుతారు, దండగ. ఆగస్టు పందేనికి వెళ్లేవాళ్లు 15 రాత్రి విందు కోసం జూన్‌లోనే నేరుగా పేటకి రాయండి, ఏజెంట్ల ద్వారా వద్దు.