పురుగుల మరకలు పోవాలి, పెయింట్ ఉండాలి: తడి టవల్, స్ప్రే, వ్యాక్స్ ఏళ్ల తరబడి వాడాక

ఉద్యోగం వల్ల నాకు శ్రీకాకుళం నుంచి పలాస, ఇచ్ఛాపురం వైపు రాకపోకలు ఎక్కువ. తిరిగి వచ్చేది చాలావరకు చీకటి పడ్డాకే. 16వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ వరి చేలు. తొలకరి పడగానే ఉసుళ్లు లేస్తాయి. వరి పొట్ట మీదున్నప్పటి నుంచి కోతల దాకా పచ్చదోమ, చిన్న పెంకు పురుగులు హెడ్‌లైట్ల వెలుగుకి ఎదురొస్తాయి. టెక్కలి, నరసన్నపేట దాటి మడపాం టోల్‌గేట్ చేరేసరికి బంపర్, నంబర్ ప్లేట్, బానెట్ ముందు అంచు, సైడ్ మిర్రర్ల ముందు భాగం అన్నీ మచ్చలే. నాది ఎర్ర స్విఫ్ట్. ఇన్ని వర్షాకాలాల తర్వాత కూడా దాని బానెట్ మీద పురుగు తిన్న గుంట ఒక్కటీ లేదు. ఏది పనిచేసింది, దేనికి డబ్బు దండగ అన్నది చెప్తాను.

పురుగు మరకను బురద మరకలా చూడకూడదు. పురుగు చితికితే దాని ఒంట్లోని మాంసకృత్తులు పెయింట్ మీద పరుచుకుంటాయి. పళ్లెంలో గుడ్డు సొన ఎండిపోతే ఎలా పట్టేస్తుందో ఇది కూడా అంతే. పైగా దానికి ఆమ్ల గుణం ఉంది. మర్నాడు ఎండకి బానెట్ రేకు కాలిపోతుంది, రంగు పైనున్న పారదర్శక పొర, అదే క్లియర్ కోట్, మెత్తబడి సాగుతుంది, సాయంత్రానికి చల్లబడి బిగుసుకుంటుంది. అలా జరిగినప్పుడల్లా మరక కింద పెయింట్ కొంచెం కొంచెం దెబ్బతింటుంది. కంపెనీ వేసిన క్లియర్ కోట్ మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక అంతకంటే లావు. గుంట పడ్డాక పాలిష్ పట్టించడమంటే ఆ కాస్త పొరనే ఇంకా అరగదీయడం. ఓ టింకరింగ్ షెడ్డులో పెద్దాయన వేరే వాళ్ల కారు చూపించి, "మరక పైన లేదు బాబూ, లోపలికి దిగిపోనాది" అన్నారు. మరక కడిగేసినా ఆ ఆకారం అలాగే ఉంది.

కాబట్టి అన్నిటికంటే ముఖ్యం టైమ్. ఇంటికి రాగానే కడగగలిగితే సరే, లేదంటే పొద్దున్న ఎండ ఎక్కకముందే. ఇంజిన్ వేడి మీద బానెట్ ముట్టుకోను. రేకు చేతికి చల్లగా తగిలాక, పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ని గోరువెచ్చటి నీళ్లలో కాస్త కార్ షాంపూ కలిపి ముంచి, పిండకుండా మచ్చల మీద పరిచేస్తాను. నీళ్లు కారుతూ ఉండాలి. పది నిమిషాలు అలా వదిలేస్తే ఎండిన పొర నాని ఉబ్బుతుంది. తర్వాత రుద్దను. టవల్‌నే బరువు పెట్టకుండా ఒక వైపుకి లాగుతాను, మడత మార్చి మళ్లీ లాగుతాను. చాలా మరకలు ఇక్కడితోనే పోతాయి. పోనిది ఉంటే గోరు పెట్టను, ఇంకోసారి టవల్ పరుస్తాను. ఈ రెండో నానబెట్టడం దగ్గరే అందరికీ ఓపిక అయిపోతుంది. గీతలు పడేది అక్కడే.

టవల్ విషయంలో పిసినారితనం వద్దు. పొడుగు పోగులతో ఒత్తుగా, మెత్తగా ఉండేది కొనండి. పురుగుల రెక్కలు, కాళ్లు, ఇసుక ఆ పోగుల్లోకి దిగిపోతాయి, పెయింట్ మీద ఈడ్చుకుపోవు. పాత బనియన్ గుడ్డ, లుంగీ ముక్క మెత్తగానే అనిపిస్తాయి కానీ వాటికి ఆ లోతు లేదు. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు మాత్రం కారు దరిదాపుల్లోకి రానివ్వకండి, అందులో అరగదీసే పొడి ఉంటుంది. టవల్ నేల మీద పడిందా, ఆ రోజుకి దాన్ని పక్కన పెట్టేయాల్సిందే.

బగ్ అండ్ టార్ రిమూవర్ అని అమ్మే స్ప్రేలు వాడాను. పనిచేస్తాయి. ముఖ్యంగా రెండు మూడు రోజులు ఊళ్లో లేక మరకలు గట్టిపడినప్పుడు, రోడ్డు తారు చుక్కలు కూడా కలిసినప్పుడు వాటి విలువ తెలుస్తుంది. అయితే మామూలు రోజుల్లో తడి టవల్ చేసేదానికంటే పెద్ద తేడా నాకు కనిపించలేదు. నీడలో కొట్టాలి, సీసా మీద రాసిన టైమ్ దాటనివ్వకూడదు, పెయింట్ మీద ఎండిపోనివ్వకూడదు, తర్వాత షాంపూతో కడగాలి. ఇవి మరకతో పాటు వ్యాక్స్‌ని కూడా లాగేస్తాయి, అందుకే ఇంట్లో ఒక సీసా ఉంటే చాలు.

తుప్పు పట్టిన నట్లు వదులు చేయడానికి కొట్టే డబ్ల్యూడీ-40 స్ప్రే కూడా మరకను వదులు చేస్తుంది. కానీ జిడ్డు మిగులుతుంది, అద్దం మీద పడితే వైపర్ తిరిగినప్పుడల్లా మసక. కిరసనాయిలుదీ అదే తంతు, వాసన అదనం. పెట్రోల్, థిన్నర్ వద్దే వద్దు. హెడ్‌లైట్ పైకవరు పాలికార్బొనేట్ ప్లాస్టిక్, థిన్నర్ తగిలితే మసకబారి సన్నటి పగుళ్లు వస్తాయి. షెడ్డులో రీపెయింట్ చేయించిన బంపర్ అయితే ఇంకా జాగ్రత్త, ఆ పొర కంపెనీ పెయింట్ అంత గట్టిగా ఉండదు.

నన్ను నిజంగా ఆదుకున్నది వ్యాక్స్. తొలకరికి ముందు ఒకసారి, దసరా దగ్గర మరోసారి కారు ముందు భాగానికి లిక్విడ్ వ్యాక్స్ పట్టిస్తాను. పురుగు దాని మీద పడుతుంది కానీ పెయింట్‌ని నేరుగా అంటుకోదు. వ్యాక్స్ ఉన్న బానెట్ మీద టవల్ ఒక్కసారి పరిస్తే చాలు, లేని నంబర్ ప్లేట్ మీద రెండు మూడుసార్లు పడుతుంది. ఒకే బండి మీద పక్కపక్కనే ఈ తేడా చూశాక, స్ప్రేకి పెట్టే డబ్బు వ్యాక్స్‌కి పెట్టమనే నా తమ్ముడికి చెప్పాను. వ్యాక్స్ ఉంది కదా అని మరకల్ని వారం వదిలేస్తే మాత్రం అదీ కాపాడలేదు. మా బోరు నీళ్లు ఉప్పటివి, అందుకని కడిగాక వెంటనే పొడి మైక్రోఫైబర్‌తో తుడుస్తాను. లేదంటే పురుగు మచ్చ పోయి తెల్ల మచ్చ వస్తుంది.

వాటర్ వాష్‌కి ఇస్తే నా టవల్ నేనే ఇస్తాను. అక్కడ అన్ని బళ్లకీ ఒకటే స్పాంజి, అంతకుముందు లారీ టైరు తోమిందో ఏమో తెలీదు. గన్ను పెట్టే కుర్రాడికి రెండు మాటలు చెప్తాను: "తమ్ముడూ, ముందు నానబెట్టు. గ్రిల్ దగ్గర గన్ను దూరంగా పెట్టు." గ్రిల్ వెనక ఏసీ కండెన్సర్ ఉంటుంది, దాని రేకులు చాలా పల్చన. దగ్గర నుంచి ప్రెషర్ కొడితే వంగిపోయి గాలి ఆడదు. అక్కడ ఇరుక్కున్న పురుగుల్ని మామూలు పైపు నీళ్లతో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రేకులు ఉన్న దిశలోనే నెమ్మదిగా దులిపితే వచ్చేస్తాయి.

బైక్ వాళ్లు హెల్మెట్ అద్దానికి కూడా ఇదే పద్ధతి వాడొచ్చు. అద్దం ఊడదీసి తడి గుడ్డ కప్పి ఉంచండి, స్ప్రేలు మాత్రం దానికి వాడకండి.