114 మి.మీ. రిఫ్లెక్టర్ టెలిస్కోప్: హైదరాబాద్ డాబా మీద నుంచి ఏం కనిపిస్తాయి?

ఈ టెలిస్కోప్ డబ్బా మీద 675 రెట్లు పెద్దగా చూపిస్తుందని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు ముందు ఆ అంకెను పక్కన పెట్టాలి. వెలుగును పోగుచేసే ఈ 114 మి.మీ. అద్దం మహా అయితే 228 రెట్ల దాకా తట్టుకుంటుంది, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. కొన్నేళ్లుగా కూకట్‌పల్లిలో మా డాబా మీద వాడుతున్నాను. ఎక్కువగా పెట్టుకునేది 25 మి.మీ. ఐపీసే (కన్ను ఆనించి చూసే చిన్న లెన్స్). అద్దం ఫోకల్ లెంగ్త్ (వెలుగు ఒకచోట చేరే దూరం) 900 మి.మీ., దాన్ని 25తో భాగిస్తే 36 రెట్లు వస్తుంది. గ్రహాలకు 10 మి.మీ. పెడితే 90 రెట్లు. టెలిస్కోప్‌తో పాటు ఇచ్చే బార్లో లెన్స్ (ఐపీస్ ముందు పెట్టి రెట్లు పెంచేది) వల్ల బొమ్మ పెద్దదవుతుంది కానీ మసకబారిపోతుంది.

చంద్రుడితో మొదలుపెట్టండి, కానీ పౌర్ణమి నాడు వద్దు. ఆ రోజు వెలుగు నేరుగా పడి నీడలే ఉండవు. క్యాలెండర్‌లో శుక్లపక్షం సప్తమి, అష్టమి చూసుకోండి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంటల అంచులు, చంద్రుడి మీది అపెనైన్ పర్వతాల నీడలు ఎంతసేపు చూసినా తనివి తీరదు. దశమికల్లా కోపర్నికస్ గుంట లోపలి గోడల్లో మెట్లు కూడా తెలుస్తాయి.

గురుడి రెండు చారలు, 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామలు తేలిగ్గా దొరుకుతాయి. వాటిలో అయో 42 గంటల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది. అందుకే ఒకసారి చూసి, కిందికెళ్లి భోంచేసి వచ్చేసరికి జరిగి ఉంటుంది. శని వలయాలు 2025లో అంచు మనవైపు తిరిగి గీతలా సన్నబడ్డాయి, ఇక ఏటికేడు విచ్చుకుంటాయి. కుజుడు మాత్రం 26 నెలలకోసారి దగ్గరికొచ్చినప్పుడు తప్ప చిన్న ఎర్ర చుక్కే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దక్షిణాకాశం. ఒమేగా సెంటారి నక్షత్రగుచ్ఛం లండన్‌లో అసలు ఉదయించదు. మనకు మే నెలలో రాత్రి పది దాటాక దక్షిణాన దాదాపు 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మా డాబాకు ఆ వైపు మాధాపూర్ లైట్ల వెలుగు ఉండటంతో గుండ్రటి మసకే కనిపిస్తుంది. అదే టెలిస్కోప్‌ను వికారాబాద్ దాటించి తీసుకెళ్తే ఉప్పు చల్లినట్టు చుక్కలు విడివిడిగా తేలతాయి. ఆ తేడా ఒక్కసారైనా చూడాలి. చలికాలంలో కృత్తికలు మొత్తం 36 రెట్లలో ఇమిడిపోతాయి. ఒరాయన్ నెబ్యులా అనే వాయుమేఘం ఫొటోల్లో గులాబీ రంగులో ఉంటుంది, కంటికి మాత్రం బూడిద రంగు పొగే. మసక వెలుగులో కన్ను రంగులు పట్టలేదు. అయినా దాని నడుమ ఉన్న నాలుగు చిన్న నక్షత్రాలు చాలా అందంగా ఉంటాయి.

స్టాండ్ బలహీనం, ఫోకస్ తిప్పినప్పుడల్లా బొమ్మ ఊగుతుంది. ఇది ఈక్వటోరియల్ స్టాండ్, అంటే ఆకాశం తిరిగే తీరుకు తగ్గట్టు వాల్చి పెట్టేది. దాన్ని హైదరాబాద్ అక్షాంశమైన 17 డిగ్రీలకు పెట్టాలి. ధ్రువ నక్షత్రం కూడా అంతే ఎత్తులో ఉంటుంది కాబట్టి మాకు అపార్ట్‌మెంట్ల వెనక దాక్కుంటుంది. ఊరికే చూడటానికైతే కాంపస్‌తో ఉత్తరం పెట్టుకుంటే చాలు. ఎండాకాలం స్లాబ్ వేడి తగ్గేదాకా బొమ్మ అలల్లా కదులుతుంది, పది తర్వాతే కూర్చోండి. అద్దం బయటి గాలికి చల్లబడాలి, అరగంట ముందే బయట పెట్టండి.

కొన్ని సెట్లలో ఐపీస్‌కు బిగించే నల్లటి సన్ ఫిల్టర్ వస్తుంది. సూర్యుడి వేడంతా దాని మీదే పడి పగిలిపోతే కన్ను పోతుంది. సూర్యుణ్ని చూడాలంటే ట్యూబ్ ముందు భాగం మొత్తం మూసే సోలార్ ఫిల్టర్ ఉండాల్సిందే. ఆ నల్ల ముక్క డబ్బాలో కనిపిస్తే పిల్లల చేతికి చిక్కకముందే పారేయండి.