తాడ్వాయి అడవి నడక ప్యాకేజీ: గైడుకు అయిదు స్టార్లు, కంపెనీకి రెండే

హన్మకొండ నుంచి పొద్దుగాల వ్యాన్ల తీస్కపోయి, ములుగు జిల్లల తాడ్వాయి దిక్కు అడవిల నడిపించి, సాయంత్రానికి మల్ల తెచ్చి దించే ప్యాకేజీ ఇది, మనిషికి 2,400, తిండి దాంట్లనే. కంపెనీ పేరు రాస్తలేను, రాస్తే ముందుగాల గైడు పెద్దాయన పనికే ఎసరొస్తది. ఈల్ల గురించి సగం మంది "ఎలుగుబంటిని చూపియ్యలే, పైసల్ దండుగ" అని ఒక్క స్టార్ ఇచ్చిర్రు, అది చూసి మండి ఇది రాస్తున్న. అరె బాబూ, గుడ్డెలుగు ఎదురుపడకుంట నడిపించుడే ఆయన పని. చూడాల్నంటే హంటర్ రోడ్డు జూ పార్కుల ఉంటది, టికెట్ కొనుక్కోని పోయి సల్లగ చూసి రార్రి.

ఇంకో కంప్లైంట్ ఏందంటే లేటుగ మొదలుపెడ్తరని. మేం పోయినప్పుడు గూడ పస్రా దాటి తాడ్వాయికి జల్దీనే చేరినం కని పెద్దాయన ఎండ పొడ మంచిగ పడేదాక అడుగు ముందుకెయ్యనియ్యలే, వ్యాన్ల కూసోబెట్టి చాయ్ తాపిచ్చిండు. మాతోని వచ్చిన కెమెరా పిల్లగాండ్లు గునుసుడే గునుసుడు, లైటింగ్ పోతాంది అని. కని ఉగాది పోయినంక అడవంత ఇప్పపువ్వు రాలి ఉంటది, తునికి పండ్లు పండుడు షురూ అయితది, గుడ్డెలుగు రాత్రంత తిని తెల్లారేటప్పటికి గూడ ఆ చెట్ల కిందనే తిరుగుతాంటది. ఇప్పపువ్వు ఏరబోయినోళ్లకు, బీడీల తునికాకు తెంపబోయినోళ్లకు మొహం మీద, తల మీద దెబ్బలు తగిలేది ఎక్కువగ గా టైంలనే. కోయగూడెంల పుట్టి పెరిగిన మనిషి, ఆయన ఆగుమంటే ఆగాలె గంతే.

నడక మొదలైనంక ఆయన నోరు మూతపడదు. ఊకె ఏదో ఒకటి గట్టిగ మాట్లాడ్తాంటడు, కట్టెతోని చెట్లను తడ్తాంటడు, మలుపు వస్తే దగ్గుతడు. పిట్టలు చూద్దామని పోయినోళ్లకు చిరాకే, నాగ్గూడ మొదట్ల అట్లనే అనిపిచ్చింది. తర్వాత ఆయనే చెప్పిండు: గుడ్డెలుగుకు చూపు అంతంతే, వినుడు అంతంతే, ముక్కు ఒక్కటే పదును. పుట్ట తవ్వి మూతి లోపల పెట్టి చెదలను గుంజేటప్పుడు దాని చప్పుడే దానికి ఎక్కువ, మనం మీదికి పోయేదాక తెల్వది, తెలిసినంక గూడ పారిపోదు, బెదిరి మీద పడ్తది. పులి తిరిగే అడవిల బతికిన జంతువు, ఎదురు తిరుగుడే నేర్చుకున్నది. అందుకే మనం వస్తున్నట్టు దానికి ముందే ఎరుక చెయ్యాలె.

ఒర్రె దాటినంక ఒక పుట్ట కనపడ్డది, తాజాగ తవ్వి ఉన్నది, మట్టి ఇంక తడి ఆరలే. పక్కకే పేడ, పెద్దాయన కట్టెతోని కదిలిచ్చి చూపిచ్చిండు, నిండ తునికి గింజలే. గప్పుడే ఎడమ దిక్కు పొదల నుంచి చప్పుడు వచ్చింది, బోరు మోటరు నీళ్లు అందక గాలి గుంజినట్టు. గుడ్డెలుగుకు పైవరుసల నడిమిట్ల రెండు పండ్లు ఉండవు, ఆ సందుల నుంచి చెదలను జుర్రుకుంటది, ఆ చప్పుడు మస్తు దూరం వినపడ్తదట. పెద్దాయన చెయ్యి లేపిండు, అందర్ని ఒక్క కుప్ప చేసిండు, నిదానంగ గట్టిగ మాట్లాడుకుంటనే ఎనకకు ఎనకకు నడిపిచ్చిండు, ఉరకొద్దు, ఈపు తిప్పొద్దు అన్నడు. అది పొదల నుంచి రెండు కాళ్ల మీద లేచి నిలబడ్డది, ఛాతీ మీద తెల్లటి గీత సాఫ్ కనపడ్డది, ఓ నలభై గజాలు ఉంటది కావచ్చు. ఒక పిల్లగాడు ఫోన్ పట్టుకోని ముందుకు పోబోయిండు, పెద్దాయన వాని బ్యాగు పట్టి ఒక్క గుంజుడు గుంజిండు, నాకైతే పానం లేచొచ్చింది. నిలబడ్డది అంటే మీదికి వస్తదని కాదట, ఎవరొచ్చిర్రా అని వాసన పట్టుడట. జరసేపు చూసి కిందికి దిగి గుట్ట దిక్కు పోయింది. ఈ నెలలల్ల తల్లి ఈపు మీద పిల్లలు ఉంటయట, అట్లుంటే ఇంత సల్లగ పోయేది కాదన్నడు.

కంపెనీ మాత్రం మనిషికో ప్లాస్టిక్ విజిల్, నలుగురికి కలిపి ఒక చిన్న పెప్పర్ స్ప్రే ఇచ్చింది. అది బస్టాండ్ల ఆకతాయిల మొహం మీద కొట్టేది, ఎలుగుబంటికి కాదు. మా బామ్మర్ది అమెరికల డెన్వర్ల ఉంటడు, వాడు చూసి నవ్విండు, "బావా, మా దగ్గర ఎలుగుల కోసమే వేరే డబ్బా ఉంటది, ముప్పై అడుగులు కొడ్తది, నడుముకు కట్టుకోని తిరుగుతం" అన్నడు.

వాణ్ని తీస్కపోయిందే ఎందుకంటే కంపెనీ ప్రకటనల "కొమ్ముల వేట అనుభవం, దొరికినోళ్లకు దొరికినంత" అని ఉన్నది. వానికి అది పిచ్చి. అక్కడి ఎల్కులు (పెద్ద జాతి దుప్పులు), మామూలు దుప్పులు చలికాలం పోయేటప్పుడు కొమ్ములు రాల్చుకుంటయి, వీడు పక్క రాష్ట్రం వయోమింగ్ దాక బండేస్కోని పోయి ఏరుకుంటడు. అక్కడ గూడ ఇష్టమొచ్చినప్పుడు పోనియ్యరట, చలికి బక్కచిక్కిన జంతువులను బెదిరిస్తే ఉన్న జర్రంత కొవ్వు ఉరుకుడుకే కరిగిపోతదని చానా జాగల జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాక బంద్, మే 1న తెరుస్తరు, బయటి రాష్ట్రపోళ్లు ఇంకో వారం ఆగాలె. చలికాలపు నిద్ర లేచిన గ్రిజ్లీ ఎలుగులు గూడ చలికి సచ్చిన జంతువులను తినెతందుకు అదే జాగకు వస్తయి, అందుకే ఆ డబ్బా. మన గుడ్డెలుగు అట్ల చలికాలమంత పండుకోదు, ఏడాది పొడుగున తిరుగుడే.

తునికి చెట్టు కింద మావోనికి నిజంగనే ఒకటి దొరికింది, కణుజు దుప్పి కొమ్ము, దొడ్డుగ గరుకుగ, మూడు కొనలు. ఒక కొన సగం అరిగి ఉన్నది, ముళ్ళపంది కొరికిందట, సున్నం కోసం, పండ్ల గాట్లు లైనుగ కనపడ్తున్నయి. వాడు చిన్నపిల్లగాని తీరుగ సంబురపడ్డడు. పెద్దాయన ఫోటో దిగనిచ్చిండు, దిగినంక "బిడ్డా, అది ఆడనే పెట్టు" అన్నడు. ప్రకటనల ఉన్నది గదా అంటే "వాళ్లు రాస్తరు, కేసు మీ మీద అయితది" అన్నడు. నిజమే, 1972 వన్యప్రాణి చట్టం లెక్కల రాలిన కొమ్మైనా సర్కారుదే, అభయారణ్యం నుంచి పర్మిషన్ లేకుంట ఏదీ తీస్కపోవద్దు. పక్కన పెట్టేముందు కొమ్ము మొదలు చూపిచ్చిండు, రాలిందైతే అడుగున గుండ్రంగ బుడిపె ఉంటది, సంపి తీసిందైతే పుర్రె ఎముక ముక్క అంటుకోని ఉంటది.

ఇగ అసలు కథ, మధ్యాహ్నం తిండికి కంపెనీ క్యాంపుకు పోయినం. గోడకు ఒక జత చుక్కల దుప్పి కొమ్ములు, మా బామ్మర్ది దగ్గరికి పోయి చూసి నన్ను పిలిచిండు, రెండింటినీ కలుపుకుంట పుర్రె ముక్క ఉన్నది. అడిగితే తాతల కాలందని మేనేజరు అన్నడు. తాతల కాలందైనా అధికారుల కాయితం ఉండాలె, చూపియ్యిర్రి అంటే అన్నం సల్లారుతాంది తినుర్రి సార్ అని మాట తప్పిచ్చిండు. పెద్దాయన తల వంచుకోని తింటాండు, ఆయన ముంగట ఇంకా గుంజుడు నాకు మంచిగ అనిపియ్యలే. ఫారెస్టోళ్లకు చెప్పుడు చెప్పిన. మూడు స్టార్లు కోసింది దీనికి, ఆ ప్రకటనకే.

తిండి సోసో, నాటుకోడి అన్నరు కని ఫారం కోడే, పప్పుచారు బాగున్నది. వ్యాన్ల ఏసీ ములుగు దాక పనిచేసి ఆగింది, ఏప్రిల్ ఎండల అది చిన్న బాధ గాదు.

పోవాల్నంటే పోర్రి, పిల్లలుంటే గట్టిగ చెప్పి తీస్కపోర్రి. సెంటు, అత్తరు కొట్టుకోకుర్రి, తిండి పొట్లాలు చేతుల పట్టుకోని నడవకుర్రి, సాసర్ పిట్ల (జంతువులకు నీళ్లు పోసే తొట్ల) దగ్గర కూసుంటం అని గైడును సతాయించకుర్రి, ఎండకాలం అన్ని జంతువులు నీళ్లకు ఆడికే వస్తయి. బుక్ చేసేటప్పుడు ఆ పెద్దాయనే వస్తడా అని అడిగి ఖాయం చేస్కోర్రి, తునికాకు కొనే కల్లాలు తెరిస్తే ఆయన ఇంటిల్లిపాది ఆకుకే పోతరు, గప్పుడు పంపే పిల్లగాడు హన్మకొండోడు, వానికి విజిల్ ఊదుడు తప్ప ఏం తెల్వదట.