గాజు నెగెటివ్‌లకి ఎప్సన్ వి850 ప్రో స్కానర్: ఏ సైజుకి పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

పల్లెటూరి బడి పాత ఫొటోలో తెల్లటి ఆకాశం, వరసగా పిల్లలు, వాళ్ల వెనక చీకటి గుమ్మం ఉంటాయి. అమెరికాలో నెబ్రాస్కా కస్టర్ కౌంటీలో సాలమన్ బుచర్ 1886 నుంచి గడ్డి పెళ్లలతో కట్టిన ఇళ్లనీ బడులనీ గాజు ప్లేట్ల మీద తీశాడు. ప్రింట్లలో నల్లగా పూడుకుపోయిన గుమ్మాల లోపల ఏముందో ఆ ప్లేట్లని స్కాన్ చేశాకే బయటపడింది. నెగెటివ్‌లో గుమ్మం దగ్గర వెండి చాలా పలచగా, ఆకాశం దగ్గర దట్టంగా ఉంటుంది. వి850 ఈ రెంటినీ ఒకే స్కాన్‌లో పడుతుంది. 16 బిట్ గ్రేస్కేల్, టిఫ్ ఫైలు పెట్టుకోండి. 8 బిట్‌లో తీస్తే, తర్వాత నీడల్ని పైకి లాగినప్పుడు గుమ్మంలోని నీడ పట్టీలుపట్టీలుగా విరిగిపోతుంది.

అసలు చిక్కు ఫోకస్‌తోనే. ఇందులో రెండు లెన్సులున్నాయి. స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'ఫిల్మ్ ఏరియా గైడ్' ఎంచుకుంటే 4800 డీపీఐ (అంగుళానికి చుక్కలు) లెన్సు స్కానర్ గాజుని ఆనుకున్న పొరని చూస్తుంది. 8×10 అంగుళాల దాకా పడుతుంది. 'ఫిల్మ్ హోల్డర్' ఎంచుకుంటే 6400 డీపీఐ లెన్సు కాస్త పైన ఫోకస్ అవుతుంది, కానీ వెడల్పు 5.9 అంగుళాలే. అంటే హాఫ్ ప్లేటు (4¾×6½) పడుతుంది, ఫుల్ ప్లేటు (6½×8½) పట్టదు.

ప్లేటు ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న జెలటిన్ పొర, మెరవని వైపు ఉంటుంది. దాన్ని పైకే ఉంచండి. బోర్లా పెడితే అంచున లేచిన జెలటిన్ పెచ్చు స్కానర్ గాజుకి రాసుకుని ఊడిపోతుంది. అలాగని మెరిసే వైపుని నేరుగా గాజు మీద ఆనిస్తే రంగుల వలయాలొస్తాయి. అందుకే 'ఫిల్మ్ హోల్డర్' ఎంచుకుని, ప్లేటు నాలుగు అంచుల కింద నల్ల అట్టముక్కలు పెట్టి, 1 మి.మీ., 1.5, 2 అని మార్చి చూడండి. ఫొటోలో నల్లబల్ల ఉంటే దాని మీది అక్షరం ఎక్కడ పదునుగా వస్తే అదే మీ ఎత్తు. కాలిబ్రేషన్ కోసం, అంటే స్కానర్ తన వెలుగుని సరిచూసుకోడానికి, వదిలిన ఖాళీ మీదికి అట్ట వెళ్లకూడదు. వెళ్తే స్కాన్ నిండా నిలువు చారలే.

అంకెల్ని చూసి మురిసిపోనక్కర్లేదు. 6400 అని రాసినా నిజంగా దక్కే వివరం 2400 దరిదాపుల్లోనే. 2400లో హాఫ్ ప్లేటు ఫైలు సుమారు 355 ఎంబీ అవుతుంది, అది చాలు.

దుమ్ము మచ్చల్ని తానే చెరిపే 'డిజిటల్ ఐస్' సదుపాయాన్ని ఆపేయండి. దాని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని వెండి అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. అంచుల్లో నీలంగా మెరిసే అద్దం పొర దుమ్ము కాదు. తేమకీ, కలుషితమైన గాలికీ వెండి కరిగి పైకొచ్చి మళ్లీ లోహంగా పేరుకున్నది అది. దాన్ని రుద్దొద్దు. ఎమల్షన్ మీద బ్లోయర్ తప్ప ఏదీ వాడొద్దు.

పగిలినవి, పొర లేచినవి ఈ యంత్రంలో పెట్టనే కూడదు. వాటిని లైట్ టేబుల్ మీద పరిచి పైనుంచి కెమెరాతో తీయాలి. మీ దగ్గర హాఫ్ ప్లేట్లు, అంతకంటే చిన్నవి ఎక్కువుంటే వి850 ధైర్యంగా కొనొచ్చు. ఫుల్ ప్లేట్లే ఎక్కువైతే ఆ డబ్బు కెమెరాకి మంచి మాక్రో లెన్సు (దగ్గర్నుంచి తీసేది) మీద పెట్టండి.