గేమ్ జామ్‌కి పెద్ద ఐడియా మేలా, చిన్న ఐడియా మేలా?

గేమ్ జామ్ అంటే ఇచ్చిన థీమ్ మీద తక్కువ గడువులో ఒక వీడియో గేమ్ తయారు చేయడం. థీమ్ ప్రకటించిన పది నిమిషాలకే టీమ్ రెండు వర్గాలుగా చీలిపోతుంది. ఒకరు కథ, పాత్రలు, మూడు లోకాలు అంటారు. ఇంకొకరు ఒక్క బటన్‌తో అయిపోయే ఆట చాలంటారు. నేను రెండు వైపులా కూర్చున్నవాణ్ణే. ఇప్పుడడిగితే చిన్నదానికే ఓటేస్తాను, ఒక్క మినహాయింపుతో.

ఉదాహరణకి "పది సెకన్లు" అనే థీమ్ తీసుకుందాం. 2013 ఆగస్టులో లూడమ్ డేర్ అనే గేమ్ జామ్‌కి వచ్చిన థీమే ఇది. పెద్ద ఐడియా ఇలా ఉంటుంది: ఒక ఊళ్ళో పది సెకన్లకోసారి కాలం వెనక్కి తిరుగుతుంటుంది, అక్కడ ఒక హత్య, ఆరుగురు అనుమానితులు. వింటుంటేనే ఉత్సాహం వస్తుంది. చిన్న ఐడియా: చేతిలో బాంబు ఉంది, పది సెకన్లలో పక్కవాడికి అంటించాలి. ఇది చెబితే ఎవరూ తలెత్తి చూడరు.

కానీ పని లెక్క వేసి చూడండి. హత్య ఆటకి ఆరుగురి మాటలూ రాయాలి, ఏ క్షణాన ఎవరెక్కడుంటారో చూసుకోవాలి, ఆధారాల చిట్టా తయారు చేయాలి. అన్నీ కుదిరేదాకా అసలు ఆట సరదాగా ఉందో లేదో తెలియదు. బాంబు ఆటకి రెండు చతురస్రాలు, ఒక టైమర్ చాలు. మొదటి రాత్రే ఆడి చూడొచ్చు. బాగోలేకపోతే పారేసి ఇంకోటి మొదలుపెట్టే వ్యవధి ఉంటుంది. లూడమ్ డేర్‌లో ఒంటరిగా చేసేవాళ్ళకి 48 గంటలు, టీమ్‌లకి 72. అందులోంచి నిద్ర, తిండి తీసేస్తే ఎంత మిగులుతుందో మీకే తెలుసు. అందుకే ఏ ఐడియా వచ్చినా నేను అడిగేది ఒకటే: దీన్ని ఎన్ని గంటల్లో ఆడి చూడగలం?

చిన్నదంటే చప్పనిదని అర్థం కాదు. సూపర్‌హాట్ 2013లో వారం రోజుల జామ్‌లో పుట్టింది. మనం కదిలితేనే కాలం కదులుతుంది, అంతే దాని కిటుకు. బాబా ఈజ్ యూ 2017 నార్డిక్ గేమ్ జామ్‌లోది. అందులో ఆట నియమాలే తెర మీద పదాలుగా ఉంటాయి, వాటిని తోసి మార్చేయొచ్చు. రెండూ తర్వాత పూర్తి స్థాయి ఆటలయ్యాయి.

మినహాయింపు ఏమిటంటే, టీమ్‌లో బాగా రాసేవాళ్ళు ఉండి, ట్వైన్ లాంటి టూల్ (మాటలతో నడిచే కథల ఆటలు చేసేది) చేతికి అలవాటై ఉంటే హత్య ఆటనే ఎంచుకోండి. బొమ్మలు, కదలికలు లేకుండా అంతా మాటలతోనే నడిపితే అది రాత పని అయిపోతుంది, కోడ్ పని కాదు.

అన్నట్టు, ఆ బాంబు ఐడియా కూడా పాతదే. పది సెకన్లనగానే అందరికీ తట్టేది అదే. అందరూ ఒకేసారి మాట్లాడే చర్చలో గొంతు పెద్దదైనవాడి ఐడియా గెలుస్తుంది, అది తరచూ ఇలాంటిదే అయి ఉంటుంది. దానికన్నా పావుగంట ఎవరికి వారు చీటీల మీద రాసుకోవడం మేలు. ప్రతివాళ్ళ మొదటి మూడు చీటీలూ పక్కన పెట్టేయండి. నాలుగో చీటీలో ఇలాంటిది దొరకొచ్చు: పది సెకన్లే వెలుగు, ఆ తర్వాత చీకట్లో గుర్తున్న దారిన నడవాలి. అవే చతురస్రాలు, అదే టైమర్, కానీ ఆట కొత్తది.

ఇక ఫీచర్ల దగ్గర చేతులు కాల్చుకున్న అనుభవం నాకుంది. ఒక జామ్‌లో రెండో రోజు మధ్యాహ్నానికి మా ఆటలో నాణేలు, అంగడి, నాలుగు రకాల శత్రువులు చేరారు. హీరో మాత్రం దూకితే ఒక్కోసారి నేలలోంచి కిందికి జారిపోయేవాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు!

చీకటి ఆటనే తీసుకుంటే, లీడర్‌బోర్డ్ (ఎవరి స్కోరు ఎంతో చూపే పట్టిక) కావాలా, సౌండ్ కావాలా అన్న ప్రశ్నే అనవసరం. గోడకి తగిలిన చప్పుడు, అడుగుల చప్పుడు లేకపోతే చీకట్లో ఆటే లేదు. ర్యాండమ్‌గా పుట్టే లెవెల్స్ కన్నా చేత్తో చేసిన ఐదు మేలు, ఎందుకంటే మొదటిదాన్ని కావాలనే తేలిక చేయొచ్చు. మీరు వందసార్లు ఆడేసి ఉంటారు కాబట్టి మీకు తేలికగా అనిపించింది కొత్తవాళ్ళకి నరకం. శత్రువులు వద్దు. ఓడిన వెంటనే కీబోర్డ్‌లో ఆర్ నొక్కితే మళ్ళీ మొదలవ్వాలి, అది తప్పనిసరి. మెయిన్ మెనూ? దాని మీద గంట ఖర్చు పెట్టడం ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టే.

డౌన్‌లోడ్ ఫైలా, బ్రౌజర్‌లో ఆడేదా అంటే బ్రౌజరే. రేటింగ్ ఇచ్చేవాళ్ళ ముందు బోలెడు ఆటలుంటాయి, జిప్ విప్పే ఓపిక అందరికీ ఉండదు. గడువుకి ఆరు గంటల ముందే ఒకసారి అప్‌లోడ్ చేసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఆడేవాళ్ళు ఒక్క క్లిక్ అయినా చేసేదాకా బ్రౌజర్లు సాధారణంగా సౌండ్ రానివ్వవు. చప్పుడు మీదే నడిచే ఆట మూగగా మొదలవుతుంది. కాబట్టి "మొదలుపెట్టడానికి క్లిక్ చేయండి" అని ఒక తెర పెట్టక తప్పదు. మెనూ వద్దన్నది నేనే, చివరికి పెట్టమంటున్నదీ నేనే. కాకపోతే దానికి ఐదు నిమిషాలు మించి పట్టకూడదు.