లవ్ బర్డ్స్ కేజ్ నాలుగేళ్లు వాడినాక: రెండు తప్పుగా కొని మూడోదానికి సెట్ అయినాం

మాది తిరుపతి, జీవకోన. ఇంట్లో ఒక జంట లవ్ బర్డ్స్ ఉండాయి. మనం లవ్ బర్డ్స్ అంటాం గానీ ఇవి బడ్జీలు, ఆస్ట్రేలియా పిట్టలు, అసలు లవ్ బర్డ్స్ అనేవి ఆఫ్రికావి, ముక్కు పెద్దది, కొరుకుడు ఎక్కువ. షాపులో ఏ పిట్టకో కరెక్టుగా చెప్పి కేజ్ అడగండి, ఎందుకంటే కమ్మీల మధ్య సందు దాన్ని బట్టే ఉంటుంది. బడ్జీకి అర ఇంచు దాటకూడదు, దాటితే తల దూర్చి ఇరుక్కుంటాది. బడ్జీ కంటే పెద్దగా ఉండే కాకటీల్ పిట్ట అయితే ముప్పావు ఇంచు దాకా పర్లేదు.

2019లో ఫస్ట్ కొన్నది గుండ్రంగా గోపురం మాదిరి ఉండే కేజ్, చూడ్డానికి శానా బాగుండేది, మా అమ్మకైతే భలే నచ్చింది. కానీ పిట్టలు అందులో ఎగిరిందే లేదు, కమ్మీలు పట్టుకుని పైకి కిందికి పాకేవి అంతే. ఇవి హెలికాప్టర్ లాగా నిలువుగా ఎగరవు కదా, అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరికి పోతాయి, అందుకే కేజ్ ఎత్తు కాదు పొడవు చూడాలి. ఇది మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ కేజ్‌కి అడుగున ప్లాస్టిక్ బేస్, దానికి నాలుగు ప్లాస్టిక్ క్లిప్పులు. జీవకోనలో కోతుల సంగతి ఇక్కడోళ్లకి చెప్పక్కర్లేదు. ఒకరోజు పొద్దున్నే బాల్కనీలో కోతి వచ్చి కేజ్ పట్టుకుని ఊపేసరికి క్లిప్పులు ఊడి బేస్ కింద పడిపోయింది, నేను అరుచుకుంటా పోయేలోపు నీలం రంగు పిట్ట ఎగిరిపోయింది. సాయంత్రం దాకా మేడ మీద కొర్రలు పోసి పిలుస్తానే ఉన్నాం, రాలేదు. ఇంట్లో పెరిగిన పిట్టకి బయట తిండి వెతుక్కోవడం కూడా రాదు, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండోది వెల్డింగ్ షాపులో మెష్‌తో చేయించినాం. సైజు బాగానే వచ్చింది, గట్టిగా కూడా ఉండింది. కానీ రెండు నెలలకి ఒక పిట్ట రెక్కలు ఉబ్బించుకుని మూల కూర్చుంది, తిండి లేదు, రెట్ట నీళ్లగా పడతా ఉంది. వెటర్నరీ కాలేజీకి తీసుకుపోతే డాక్టర్ గారు అడిగిన మొదటి మాట, కేజ్ దేంతో చేసినారు అని. కొత్త జీఐ మెష్ మీద జింకు పూత ఉంటుంది, పిట్టలు పాకేటప్పుడు ముక్కుతో కమ్మీ పట్టుకుని ఎక్కుతాయి, ఆ పూత గీరుకుని కడుపులోకి పోయుండొచ్చు అన్నారు. మందులు వాడినాక కోలుకుంది. మీరు మెష్‌తోనే చేయించాలంటే మాత్రం వెనిగర్ పోసి బ్రష్‌తో బాగా రుద్ది, కడిగి, ఎండలో ఆరబెట్టి అప్పుడు పిట్టల్ని వదలండి. మేము ఇంక రిస్క్ తీసుకోలేదు.

2021 దసరాకి ఇప్పుడుండే కేజ్ కొన్నాం. 30 ఇంచుల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు, పౌడర్ కోటింగ్, పలకగా ఉంటుంది. 3,800 అయింది, మొదటిదాని కంటే నాలుగింతలు. వదిలిన రోజే ఆ చివర నుంచి ఈ చివరికి ఎగిరినాయి, అది చూసి మా అమ్మ కూడా గోపురం కేజ్ మాట మళ్లీ ఎత్తలేదు.

బాగా నచ్చింది ట్రే. అడుగున జాలీ, దాని కింద లాగే ట్రే, పేపర్ పరిచి రోజూ మారుస్తా, రెండు నిమిషాల పని. కొన్న నెలకే నవంబర్ వానలు, ఊరంతా నీళ్లు, ఇంట్లో చెమ్మ, అప్పుడు పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పేపర్ మార్చినా, వాసన గానీ బూజు గానీ రాలేదు.

కేజ్‌తో వచ్చిన కర్రలు మాత్రం వేస్ట్, నున్నటి ప్లాస్టిక్, అన్నీ ఒకే లావు. రోజంతా కాలు ఒకే చోట ఒత్తుకుంటే అరికాలు పుండు పడుతుంది. మందు కొట్టని వేప కొమ్మలు, జామ కొమ్మలు తెచ్చి కడిగి, సన్నవి లావువి కలిపి కట్టినా. వేప బెరడు పొద్దస్తమానం కొరుకుతానే ఉంటాయి. పక్కన సముద్రపు నురుగు ముక్క ఒకటి కట్టినా, షాపుల్లో కటిల్ బోన్ అంటారు, క్యాల్షియంకి మంచిది. తిండి గిన్నెలు కూడా ప్లాస్టిక్‌వే ఇచ్చినారు, ఏడాదికే పగిలినాయి, ఇప్పుడు స్టీల్ గిన్నెలు.

ఇంకో మైనస్ తలుపులు. పైకి జరిపే టైపు, మగపిట్ట వారంలోనే ముక్కుతో ఎత్తడం నేర్చుకుంది. ఎత్తినాక జారి మెడ మీద పడితే ఏం కావాలి? ప్రతి తలుపుకీ, గిన్నెలు పెట్టే చిన్న తలుపులకి కూడా, స్టీల్ క్లిప్పు వేసినా. కొన్న రోజే వేసేయండి, చూద్దాంలే అనుకోవద్దు.

ఇప్పుడు కేజ్ హాల్లో గోడ పక్కన ఉంటుంది, బాల్కనీ మాటే లేదు. వంటింటికి దగ్గర పెట్టొద్దు, నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకి పిట్టలు నిమిషాల్లో చచ్చిపోతాయి, మేము దోశలకి ఇనప పెనానికి మారిపోయినాం. మే నెల ఎండలకి మధ్యాహ్నం కిటికీకి తడి గోనెపట్ట కడతా, వెడల్పు గిన్నెలో నీళ్లు పెడితే దిగి స్నానం చేస్తాయి.

నాలుగేళ్లకి కమ్మీల కోటింగ్ బాగానే ఉంది గానీ అడుగు జాలీ మూలల్లో తుప్పు మొదలైంది, రెట్ట, తడి అక్కడే కదా పడేది. పెయింట్ వేద్దామంటే కొరికి మింగుతాయని భయం. అందుకే జాలీ ఒక్కటి స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయించడానికి కొలతలు ఇచ్చి వచ్చినా, వచ్చే వారం ఇస్తామన్నారు.