ఒకే సాటా హార్డ్ డిస్క్ మీద ఆరేళ్లు: బూట్ పరికరంగా అమర్చిన అనుభవం

నా డెస్క్‌టాప్‌లో ఉన్నది ఒకటే డిస్క్: నిమిషానికి 7200 సార్లు తిరిగే, 4 టెరాబైట్ల, 3.5 అంగుళాల సాటా (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే పద్ధతి) హార్డ్ డిస్క్. విండోస్ 10, పని ఫైళ్లు, ఫొటోలు అన్నీ ఆరేళ్లుగా దాని మీదే ఉన్నాయి. డిస్క్ మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. పడిన ఇబ్బందుల్లో ముఖ్యమైనది, అమర్చిన మొదటి గంటలో నేను చూడకుండా వదిలేసిన ఒక సెట్టింగ్ వల్ల వచ్చింది కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ గంట గురించే ఉంటుంది.

బిగించడం సులభం. సాటాకు ముందు వాడిన ఐడీఈ పద్ధతి డిస్కులకున్న, ఏది మొదటిదో ఏది రెండోదో చెప్పే మాస్టర్, స్లేవ్ జంపర్ల (చిన్న పిన్ తొడుగుల) బెడద సాటాలో లేదు. 7 పిన్నుల డేటా కేబుల్, 15 పిన్నుల పవర్ కేబుల్ తగిలిస్తే చాలు. అయితే మదర్‌బోర్డు మీద అదనపు కంట్రోలర్ చిప్‌కు చెందిన పోర్టులు కూడా ఉంటే, వాటిని వదిలి చిప్‌సెట్‌కు (మదర్‌బోర్డు ప్రధాన నియంత్రణ చిప్‌కు) చెందిన మొదటి పోర్టునే బూట్ డిస్క్‌కు, అంటే విండోస్ మొదలయ్యే డిస్క్‌కు కేటాయించడం మంచిది. ఆ పోర్టు వేగం సెకనుకు 6 గిగాబిట్లు కాదని బెంగపడనక్కర్లేదు. 3 గిగాబిట్ల పోర్టు కూడా సెకనుకు 300 మెగాబైట్ల వరకు మోయగలదు. ఈ తరహా డిస్క్ వరుసగా చదివేటప్పుడు కూడా అంత వేగాన్ని అందుకోదు.

అసలు నిర్ణయం విభజన పద్ధతి దగ్గర, అంటే డిస్క్ భాగాల వివరాలను ఎలా రాసుకోవాలన్న దగ్గర మొదలవుతుంది. పాతదైన ఎంబీఆర్ పద్ధతి 512 బైట్ల సెక్టార్లను (డిస్క్ మీది చిన్న గదులను) 32 బిట్ల సంఖ్యతో లెక్కిస్తుంది కనుక సుమారు 2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది, నా డిస్క్‌లో దాదాపు సగం వృథా అవుతుంది. కొత్తదైన జీపీటీకి ఆ హద్దు లేదు, కానీ జీపీటీ డిస్క్ నుంచి విండోస్ బూట్ కావాలంటే మదర్‌బోర్డు యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా మొదలుపెట్టే పద్ధతిలో నడవాలి. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది: బూట్ మెనూలో విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ ఒక్కటే రెండుసార్లు, ఒకసారి ముందు యూఈఎఫ్ఐ అన్న మాటతో, ఒకసారి అది లేకుండా కనిపించవచ్చు. మొదటిదాన్ని ఎంచుకుంటేనే ఇన్‌స్టలేషన్ జీపీటీ విభజనను, దానిలో ఫ్యాట్32 ఫార్మాట్‌లో చిన్న బూట్ విభాగాన్ని తయారుచేస్తుంది. నేను దాన్నే ఎంచుకున్నాను, విండోస్‌లో మొత్తం 3.63 టెరాబైట్లు కనిపించాయి.

చూడకుండా వదిలేసినది సాటా మోడ్, అంటే మదర్‌బోర్డు డిస్క్‌తో మాట్లాడే తీరును నిర్ణయించే సెట్టింగ్. నా పాత మదర్‌బోర్డు ఫ్యాక్టరీ సెట్టింగ్ ప్రకారం ఐడీఈ మోడ్‌లో, అంటే పాత డిస్కుల తీరులో ఉంది, నేను అలాగే విండోస్ ఎక్కించేశాను. ఏడాది తర్వాత ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌లో ఎన్‌సీక్యూ సౌకర్యం ఉంటుందని, అంటే డిస్క్ 32 ఆదేశాల వరకు ఒకేసారి తీసుకుని డిస్క్‌ను చదివే తల తక్కువ దూరం కదిలే క్రమంలో వాటిని పూర్తిచేస్తుందని తెలిసి, సెట్టింగ్ మార్చాను. వెంటనే నీలం తెర వచ్చింది, బూట్ పరికరం అందడం లేదన్న సందేశంతో. ఇన్‌స్టలేషన్ నాడు అవసరం లేని డ్రైవర్‌ను విండోస్ బూట్ సమయంలో లోడ్ చేయకపోవడమే దీనికి కారణం. మళ్లీ ఐడీఈకి మార్చి, విండోస్‌లోకి వెళ్లి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్‌కు టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసేటప్పుడు ఏహెచ్‌సీఐకి మార్చాను. సేఫ్ మోడ్‌లో విండోస్ కొత్త డ్రైవర్‌ను తానే ఎక్కించుకుంది, ఆ టిక్ తీసేశాక అంతా మామూలుగా నడిచింది. ఫైల్ ఒక్కటీ పోలేదు, కానీ ఆ సాయంత్రం నేను పడిన ఆందోళన ఎవరికీ అక్కర్లేదు. నాలుగో ఏడు మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయినప్పుడు సెట్టింగ్‌లన్నీ మొదటికి వచ్చి, మోడ్ మళ్లీ ఐడీఈకి మారింది. గడియారం తప్పు చూపడం బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగ్‌ల) తెరలోనే గమనించాను కాబట్టి, ఈసారి విండోస్ మొదలుకాకముందే సరిచేశాను.

వేగం సంగతి దాచను. 7200 చుట్ల డిస్క్‌లో కావలసిన సెక్టారు తల కిందికి రావడానికే సగటున 4.17 మిల్లీసెకన్లు పడుతుంది, తల కదలడానికి పట్టే సమయం దానికి అదనం. డెస్క్‌టాప్ కనిపించాక కూడా కొన్ని నిమిషాలు డిస్క్ గరగరలాడుతూనే ఉంటుంది. పొద్దున ఒకసారి ఆన్ చేసి రాత్రి ఆపే నాకు ఇది సరిపోయింది. రోజుకు పదిసార్లు ఆన్ చేసేవారు సిస్టమ్‌ను ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) మీద పెట్టుకోవాలని మొహమాటం లేకుండా చెబుతాను.

మధ్యలో ఒకసారి కంప్యూటర్ క్షణాలపాటు స్తంభించడం మొదలైంది. డిస్క్ పోతోందని భయపడి స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసే అంకెలు) చూస్తే, 5వ అంశం, అంటే పాడై వేరేచోటికి మార్చిన సెక్టార్ల లెక్క, సున్నా. 199వ అంశమైన సీఆర్‌సీ లోపాల లెక్క, అంటే డేటా దారిలో చెడిపోయిన సందర్భాల లెక్క మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. అది ఎక్కువగా కేబుల్‌ను పట్టిచ్చే అంకె. లోహపు క్లిప్ ఉన్న కొత్త డేటా కేబుల్ వేశాను, స్తంభించడం ఆగింది. ఆ లెక్క మళ్లీ సున్నా కాదు. కేబుల్ మార్చిన నాటి అంకె దగ్గరే అది ఇప్పటికీ నిలిచి ఉంది, ప్రతి నెలా బాహ్య డిస్క్‌కు పూర్తి బ్యాకప్ తీసే ముందు దాన్ని ఒకసారి చూసుకుంటాను.